ఇండియా పోకర్ ప్రొఫెషనల్స్ ఎలా ఎదిగారు? హనమకొండ నుంచి ఆ దారి ఉందా?

ప్రశ్న అడిగిన తమ్ముడు రాసింది క్లుప్తంగా ఇది. సొంతూరు హనమకొండ, ఇంజినీరింగ్ ఇక్కడే అయింది, ఇప్పుడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం రాత్రి ఫ్రెండ్స్ రూమ్‌లో ఆరుగురు కూర్చుని పోకర్ ఆడుతున్నారు. బ్లైండ్స్ (ప్రతి పంపకానికి ముందు ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 50–100. ఇప్పటికి 60 వేల లాభంలో ఉన్నాడు. సేవింగ్స్ 4 లక్షలు. గోవాలో ఉన్న ఫ్రెండ్ వచ్చెయ్యమంటున్నాడు. "మన దేశం వాళ్లు లాస్ వేగాస్‌లో కోట్లు గెలుస్తున్నారు. వాళ్లు ఎలా ఎదిగారు? నేను ఉద్యోగం మానేసి ఆ దారిలో వెళ్లొచ్చా?"

నేను హనమకొండలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. అంతకుముందు బెంగళూరులో ఉన్నప్పుడు కొన్నేళ్లు ఆన్‌లైన్‌లో పోకర్ సీరియస్‌గా ఆడాను, గోవా టోర్నమెంట్లకూ వెళ్లాను. ఆ ఆటంటే నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. పేకాట కాబట్టి చెడ్డది అని కొట్టిపారేసే సమాధానం ఇక్కడ రాయను. తమ్ముడూ, నువ్వు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు సరిగ్గా అర్థమైతే రెండోదానికి జవాబు దానంతట అదే వస్తుంది. వాళ్లు ఎదిగింది ఒక నిచ్చెన ఎక్కి. ఆ నిచ్చెన కింది మెట్లు మన దేశంలో ఇప్పుడు లేవు.

ఒక దేశం నుంచి పోకర్ ఆటగాళ్లు గుంపుగా పైకి రావడం ఎప్పుడు జరిగిందో చూడు. లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ 1970లో మొదలైంది. చాలా ఏళ్లు అది అమెరికా వాళ్ల ఆటే. 2003లో టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో 86 డాలర్ల చిన్న టోర్నమెంట్ ద్వారా ఆ సిరీస్‌లోని ప్రధాన టోర్నమెంట్ అయిన మెయిన్ ఈవెంట్‌కు సీటు సంపాదించి, 25 లక్షల డాలర్ల మొదటి బహుమతి గెలిచాడు. ఆ ఏడాది మెయిన్ ఈవెంట్ ఆడింది 839 మంది. 2004లో 2,576. 2006కు 8,773. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూడా ఆడి గెలవొచ్చని ప్రపంచానికి తెలిసిపోయింది.

ఆ తర్వాత లేచింది ఉత్తర యూరప్. నార్వే అమ్మాయి అనెట్ ఓబ్రెస్టాడ్ 2007లో యూరప్ వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ గెలిచేనాటికి వయసు 18. డెన్మార్క్ కుర్రాడు పీటర్ ఈస్ట్‌గేట్ 2008లో వేగాస్ మెయిన్ ఈవెంట్ గెలిచినప్పుడు 22. 2011లో జర్మనీకి చెందిన పియస్ హైంజ్ గెలిచాడు. ఇరవై రెండేళ్ల పిల్లలు నలభై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లను ఎలా ఓడించారు? దీనికి జవాబు చాలా సాదాసీదా లెక్క.

క్యాసినో టేబుల్ దగ్గర గంటకు 25 నుంచి 30 హ్యాండ్స్, అంటే పంపకాలు, ఆడగలం. డీలర్ కలపాలి, పంచాలి, చిప్స్ లెక్కపెట్టాలి. ఆన్‌లైన్‌లో ఒక్క టేబుల్ మీదే గంటకు 70 దాకా పడతాయి. నాలుగు టేబుల్స్ ఒకేసారి తెరిస్తే 280. లక్ష హ్యాండ్స్ పూర్తి చేయడానికి క్యాసినోలో మూడు వేల గంటలకు పైగా పడుతుంది, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాది దాటిపోతుంది. అదే ఆన్‌లైన్‌లో నెలన్నర. పైగా ఆడిన ప్రతి హ్యాండ్ ఫైల్‌లో రికార్డవుతుంది, మర్నాడు తీసి చూసుకోవచ్చు. పాతతరం ఆటగాడికి జీవితమంతా పట్టిన అనుభవాన్ని ఈ పిల్లలు రెండేళ్లలో సంపాదించారు. అదీ ఒక్కొక్క పాట్ (మధ్యలో పోగయ్యే పందెం మొత్తం) రెండు మూడు డాలర్లు ఉండే టేబుల్స్ మీద. ఓడినా కొంప మునగదు. జర్మనీ కుర్రాళ్లైతే దీనికి తోడు గుంపులుగా కూర్చుని ఒకరి ఆట ఒకరు చీల్చి చెండాడుకునే అలవాటు చేసుకున్నారు. 2015 తర్వాత సాల్వర్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ఏ పరిస్థితిలో ఎంత శాతం బెట్ చేయాలో ఎంత శాతం వదిలేయాలో లెక్కగట్టి చూపిస్తాయి. అక్కడి నుంచి ఇది పూర్తిగా చదువుకునే ఆట అయిపోయింది.

ఇండియా కథ కూడా ఇదే, పదేళ్లు ఆలస్యంగా. 2011 తర్వాత దేశీయ సైట్లు ఒక్కొక్కటే వచ్చాయి. అడ్డా52, స్పార్టన్, పోకర్‌బాజీ లాంటివి. మరోవైపు గోవాలో మాండవి నది మీది క్యాసినో ఓడల్లో టోర్నమెంట్లు నడిచేవి. ఆన్‌లైన్‌లో నేర్చుకో, గోవాలో నిరూపించుకో, ఆపైన చైనాలోని క్యాసినోల ఊరు మకావు, వేగాస్. కోల్‌కతాకు చెందిన ఆదిత్య అగర్వాల్ లాంటివాళ్లు అంతకుముందే విదేశీ సైట్లలో ఆడి దారి చూపించారు. 2017లో లాస్ ఏంజిలెస్‌లో ఉండే నిపుణ్ జావా, ఆదిత్య సుశాంత్ కలిసి వరల్డ్ సిరీస్‌లో జట్టుగా ఆడే ట్యాగ్ టీమ్ ఈవెంట్ గెలిచారు. ఇండియా ఆటగాళ్లకు వరల్డ్ సిరీస్‌లో ఈవెంట్ గెలిచినవాళ్లకు ఇచ్చే బ్రేస్‌లెట్లు రావడం అప్పుడే మొదలు. అదే వేసవిలో నిపుణ్ ఇంకొకటి కూడా గెలిచాడు. 2018లో నికితా లూథర్ భాగస్వామితో కలిసి గెలిచి, బ్రేస్‌లెట్ తెచ్చుకున్న తొలి భారతీయ మహిళ అయింది. అదే ఏడాది ముస్కాన్ సేఠీ తమ రంగాల్లో మొదటివాళ్లైన మహిళలకు రాష్ట్రపతి చేతుల మీదుగా ఇచ్చే గౌరవం అందుకుంది. 2024లో సంతోష్ సువర్ణ రెండున్నర లక్షల డాలర్ల ఎంట్రీ ఉన్న ఈవెంట్ గెలిచి 54 లక్షల డాలర్లు, అంటే దాదాపు 45 కోట్ల రూపాయలు అందుకున్నాడు.

నువ్వు చూసింది ఈ చివరి వార్తే అయ్యుంటుంది. అందులో ఒక అంకె దగ్గర ఆగు. ఎంట్రీ ఫీజే రెండు కోట్ల రూపాయలు దాటింది. అంత డబ్బు ఒక్క టోర్నమెంట్‌కు పెట్టగలిగే స్థితిలో ఉన్నవాళ్లు మాత్రమే కూర్చునే టేబుల్ అది. ఇంకో సంగతి, ఇంటర్నెట్‌లో కనిపించే "మొత్తం గెలుపు" పట్టికలన్నీ వచ్చిన బహుమతులను మాత్రమే కూడతాయి. కట్టిన ఎంట్రీలు, విమానం, హోటల్ ఏవీ తీసెయ్యవు. ఒకడి పేరు పక్కన పది లక్షల డాలర్లు కనిపిస్తే, దానికోసం అతను తొమ్మిది లక్షలు పెట్టాడా పన్నెండు లక్షలు పెట్టాడా ఆ పట్టిక చెప్పదు. వేసవిలో వేగాస్ వెళ్లి 1,500 డాలర్ల ఈవెంట్లు పది, 10,000 డాలర్ల మెయిన్ ఈవెంట్ ఒకటి ఆడితే ఎంట్రీలకే 25,000 డాలర్లు. అంటే 20 లక్షల రూపాయలకు పైగా. పెద్ద టోర్నమెంట్లో నూటికి పదిహేను మందికే ఏదో ఒకటి తిరిగి వస్తుంది, అందులోనూ ఎక్కువమందికి ఎంట్రీకి కాస్త పైన. బాగా ఆడేవాడు కూడా పదిసార్లలో ఎనిమిదిసార్లు ఖాళీ చేతులతో లేస్తాడు.

మరి అంత డబ్బు ఎక్కడిది? చాలామందిది సొంతం కాదు. దీన్ని స్టేకింగ్ అంటారు. మన దగ్గర పాలుకు సేద్యం చేసినట్టే ఇది. పెట్టుబడి ఒకరిది, కష్టం ఒకరిది, లాభం చెరిసగం. తేడా ఏంటంటే ఇక్కడ నష్టం వస్తే అది ఆటగాడి లెక్కలో పేరుకుంటూ పోతుంది, మేకప్ అంటారు. 8 లక్షల మేకప్‌లో ఉన్న కుర్రాడు ఒక టోర్నమెంట్లో 7 లక్షలు గెలిచినా అతని చేతికి రూపాయి రాదు, మొత్తం పెట్టుబడిదారు ఖాతాకే పోతుంది. పేపర్లో ఫోటో మాత్రం చెక్ పట్టుకునే పడుతుంది. గోవాలో ఇలాంటి ఫోటోల వెనుక సంగతి తెలిసిన కుర్రాళ్లను దగ్గర నుంచి చూశాను. మంచి బుర్ర ఉన్నవాళ్లు. రూమ్ అద్దె కట్టడానికి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు. నీ ఫ్రెండ్ రమ్మంటున్నాడంటే, అతను సొంత డబ్బుతో ఆడుతున్నాడా, స్టేక్ మీదా, మేకప్ ఎంత ఉంది, ఈ మూడు ముందు సూటిగా అడుగు. జవాబు నసిగితే అర్థం చేసుకో.

ఇప్పుడు నీ 60 వేల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే నీ నిర్ణయం మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

ఎనిమిది నెలలు, వారానికి ఒక రాత్రి, రాత్రికి ఆరు గంటలు, గంటకు పాతిక హ్యాండ్స్. మొత్తం 5,000 హ్యాండ్స్ దరిదాపుల్లో ఆడావు. బిగ్ బ్లైండ్ (రెండు బ్లైండ్స్‌లో పెద్దది) 100 రూపాయలు కాబట్టి 60 వేలంటే 600 బిగ్ బ్లైండ్లు. నూరు హ్యాండ్స్‌కు 12. వినడానికి అద్భుతం. ప్రపంచస్థాయి ఆన్‌లైన్ ఆటగాళ్లకు కూడా 5 వస్తే గొప్ప.

కానీ బెట్‌కు పరిమితి లేని పోకర్ రకమైన నో లిమిట్ హోల్డెమ్‌లో ఎగుడుదిగుళ్లు ఎంత ఉంటాయో తెలియాలి. నూరు హ్యాండ్స్‌కు స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు చుట్టూ ఊగిసలాట, 80 నుంచి 100 బిగ్ బ్లైండ్లు ఉంటుంది. 90 అనుకుందాం. 5,000 హ్యాండ్స్ అంటే 50 నూర్లు. 50కి వర్గమూలం 7 పైచిలుకు, దాన్ని 90తో గుణిస్తే దాదాపు 636. అంటే అటూ ఇటూ కాని మామూలు ఆటగాడు, అసలు లాభమే లేనివాడు, 5,000 హ్యాండ్స్ ఆడితే కేవలం ముక్కల వరస వల్లే 636 బ్లైండ్లు పైకో కిందకో పోవడం చాలా మామూలు. నీ 600 దానిలోపలే ఉంది. ఏ ప్రతిభా లేని ఆటగాడికి కూడా ఇంతో ఇంతకు మించో లాభం కనిపించే అవకాశం ఆరింట ఒకటి.

మీ రూమ్‌లో కూర్చునేది ఆరుగురు కదా? ఆరుగురూ సరిసమానమైన ఆటగాళ్లే అనుకున్నా, ఎనిమిది నెలల తర్వాత వాళ్లలో ఒకడు 60 వేల పైన ఉండి "నాలో ఏదో ఉంది" అనుకోవడం సహజంగా జరిగేదే. నీలో నిజంగా ఏమీ లేదని నేను అనడం లేదు. ఉండొచ్చు. ఈ 5,000 హ్యాండ్స్‌తో అది తెలియదు, అంతే.

ఎన్ని ఆడితే తెలుస్తుంది? నూరుకు 5 బ్లైండ్లు నిజంగా గెలవగల మంచి ఆటగాడిని తీసుకో. 10,000 హ్యాండ్స్ తర్వాత కూడా అతను నష్టంలో ఉండే అవకాశం నూటికి 29. లక్ష హ్యాండ్స్ ఆడితే అది నూటికి 4కు దిగుతుంది. 2017లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను నలుగురు ప్రొఫెషనల్స్ మీద ఆడించినప్పుడు 1,20,000 హ్యాండ్స్ ఎందుకు పెట్టారనుకున్నావు? అంతకన్నా తక్కువైతే గెలుపు ఆటదా, ముక్కలదా అని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రోగ్రామ్ భారీ తేడాతో గెలిచింది, అనుమానానికి తావు లేకుండా.

నువ్వు గోవాలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఇదే లెక్కతో చూద్దాం. బ్లైండ్స్ 100–200 అనుకో. నెలకు 22 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు ఆడితే 5,000 హ్యాండ్స్. నువ్వు నిజంగానే 5 బ్లైండ్ల ఆటగాడివైతే నెలకు సగటు ఆదాయం 250 బ్లైండ్లు, అంటే 50 వేలు. టేబుల్ మీద టూరిస్టులు ఎక్కువుంటే ఇంకొంచెం రావొచ్చు. కానీ ఆ 50 వేల చుట్టూ ఊగిసలాట లక్షా పాతిక వేలు. ప్రతి మూడు నెలల్లో ఒకటి నష్టంతో ముగుస్తుంది. ఏడాది మొత్తం ఆడి నష్టంలో మిగిలే అవకాశం కూడా నూటికి ఎనిమిది తొమ్మిది ఉంటుంది, మంచి ఆటగాడికే. నీ 4 లక్షలు ఆ బ్లైండ్స్‌కు 20 బై–ఇన్లు (టేబుల్ మీద కూర్చోడానికి ఒక్కోసారి తెచ్చుకునే 100 బిగ్ బ్లైండ్ల మొత్తం). అందులోంచే అద్దె, తిండి పోవాలి. నెలకు 35 వేలు ఖర్చు అనుకున్నా, రెండు చెడ్డ నెలలు వరసగా వస్తే 4 లక్షల్లో సగానికి పైగా పోయి ఉంటుంది. అప్పటి టెన్షన్‌లో ఎవడూ సరిగ్గా ఆడలేడు. భయపడే డబ్బుతో ఆడేవాడిని టేబుల్ మీద పాతవాళ్లు అయిదు నిమిషాల్లో పసిగడతారు, ప్రతి పాట్‌లో పెద్ద బెట్ వేసి తరిమేస్తారు.

ఆట నైపుణ్యం ఎక్కడుంటుందో కూడా ఒకటి చూపిస్తాను, లేకపోతే ఇదంతా అదృష్టమే అని నేను చెప్తున్నట్టు ఉంటుంది. నీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు తొమ్మిది. టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా ఇస్పేటు రాజు, ఇస్పేటు ఆరు, డైమన్ రెండు, నాలుగో ముక్క ఆఠీన్ పది. చివరిదైన అయిదో ముక్కగా ఇంకో ఇస్పేటు పడితే నీది అందరికన్నా పెద్ద ఫ్లష్ (ఒకే జాతి ముక్కలు అయిదు). పాట్‌లో 800 ఉంది, అవతలివాడు 200 పెట్టాడు. నువ్వు చూడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు తొమ్మిది. అవకాశం దాదాపు 20 శాతం. నువ్వు 200 పెడితే పాట్ 1,200 అవుతుంది, అందులో నీ వంతు ఆరో భాగం, 17 శాతానికి లోపు. 20 ఎక్కువ కాబట్టి కాల్ చేయాలి, అంటే అతను పెట్టినంతా నువ్వూ పెట్టాలి. అదే 800 పాట్‌కు అతను 800 పెడితే? 2,400లో నీ వంతు 800, మూడో భాగం. 20 శాతం అవకాశానికి 33 శాతం ధర. వదిలెయ్యాలి. మీ రూమ్‌లో రెండుసార్లూ కాల్ చేసేవాళ్లే నలుగురు ఉంటారని నా ఊహ. నీ లాభం వాళ్ల దగ్గర్నుంచే వస్తోంది. గోవా టేబుల్‌లో ఈ లెక్క తెలియనివాళ్లు తక్కువ, అక్కడ పోటీ దీనికి పై మెట్టులో ఉంటుంది. అవతలివాడి దగ్గర ఏయే జతలు ఉండొచ్చు, నేను ఎంత తరచుగా ఉత్తుత్తి బెట్ వెయ్యాలి, నా పద్ధతి అతను కనిపెట్టకుండా ఎలా కలపాలి అన్న స్థాయిలో.

ఇక చట్టం. ఇది నువ్వు నీ ప్రశ్నలో ఎక్కడా తీసుకురాలేదు, అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన తీర్పు మన దగ్గరిదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ మీద పెట్టిన కేసు. ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలి ఏది వెయ్యాలి అన్నది నైపుణ్యం కాబట్టి రమ్మీని మూడు ముక్కలాటతో కలపకూడదన్నారు. ఆ తర్వాత దేశంలో పోకర్ సైట్లన్నీ "మాదీ నైపుణ్యమే" అని వాదించడానికి ఆ తీర్పే ఆసరా. కానీ 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆ మినహాయింపే తీసేసింది, ఆన్‌లైన్‌ను కూడా చట్టంలోకి తెచ్చింది. నైపుణ్యం అయినా కాకపోయినా డబ్బు పెడితే జూదమే. ఆడించేవాళ్లకే కాదు, ఆడుతూ దొరికినవాళ్లకూ శిక్ష ఉంది. ఆ ఏడాది నుంచే సైట్లు తెలంగాణలో ఉన్నవాళ్లను డబ్బుతో ఆడనివ్వడం మానేశాయి. ఇక్కడి ఆటగాళ్లు చాలామంది బెంగళూరుకో గోవాకో మకాం మార్చారు. అంటే దేశంలో పోకర్ పెరిగిన ఆ మంచి రోజుల్లో కూడా వరంగల్ కుర్రాడు ఊరు విడిస్తే తప్ప ఆ నిచ్చెన అందలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు, నైపుణ్యం అయినా అదృష్టమైనా, దేశమంతా నిషేధం. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఈ చట్టం ఆడేవాళ్లను నేరస్థులుగా చూడదు. కానీ పెద్ద సైట్లన్నీ ఆ వారంలోనే డబ్బు ఆటలు ఆపేశాయి. రెండు మూడు రూపాయల బ్లైండ్స్ మీద లక్ష హ్యాండ్స్ ఆడి, ఓడి, నేర్చుకుని, ఆపైన గోవాకు పోయే ఆ కింది మెట్లు అలా పోయాయి. నిచ్చెన లేదని మొదట్లో అన్నది ఇందుకే. ఇప్పుడు నేర్చుకోవడం మొదలుపెట్టేవాడు నేరుగా క్యాసినో బ్లైండ్స్ దగ్గర, గంటకు పాతిక హ్యాండ్స్ చొప్పున నేర్చుకోవాలి. ఫీజు చాలా ఎక్కువ, పాఠం చాలా నెమ్మది.

వీపీఎన్ (ఎక్కడి నుంచి ఆడుతున్నావో దాచే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని విదేశీ సైట్లలో ఆడమని నీకు టెలిగ్రామ్ గ్రూపుల్లో చెప్తారు. వద్దు. డబ్బు ఇరుక్కుంటే అడగడానికి దిక్కుండదు, అవతల కూర్చున్నది మనిషో సాఫ్ట్‌వేరో తెలియదు. మీ శనివారం ఆట సంగతి కూడా: ఫ్రెండ్స్ మధ్యే అయినా హైదరాబాద్ ఫ్లాట్‌లో డబ్బు పెట్టి ఆడుతుంటే పేకాట కేసు కిందికి రావొచ్చు. పోలీసులు వస్తే పేపర్లో "పేకాట స్థావరంపై దాడి, ఆరుగురి అరెస్టు" అని పేర్లతో సహా వేస్తారు, ఐటీ ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. చిప్స్‌తో ఆడండి, డబ్బు లేకుండా. ఆట ఇష్టమైతే అలాగైనా ఇష్టంగానే ఉంటుంది.

పన్ను గురించి ఒక్క ఉదాహరణ చాలు. గోవాలో ఏడాదిలో ఒక టోర్నమెంట్లో 10 లక్షలు గెలిచావు, మిగతా టోర్నమెంట్ల ఎంట్రీలకు 8 లక్షలు పోయాయి. నీ లెక్కలో మిగిలింది 2 లక్షలు. ఇలాంటి గెలుపుల మీద పన్ను 30 శాతం, పైన సెస్సు, ఓడిన డబ్బును అందులోంచి తీసెయ్యనివ్వరు. కట్టాల్సింది 3 లక్షల 12 వేలు. అంటే గెలిచిన ఏడాదిలోనే జేబులోంచి లక్షకు పైగా పోయింది. పై లెక్కల్లో నేను ఎక్కడా పన్ను కలపలేదని గుర్తుంచుకో.

వరంగల్, కరీంనగర్ వైపు ఆన్‌లైన్ రమ్మీతో అప్పులపాలైన ఇళ్లు నాకు తెలుసు. మా విద్యార్థుల ఇళ్లే. లోన్ యాప్‌ల వాళ్లు ఊరందరికీ ఫోన్లు చేస్తుంటే తండ్రి బయటికి రాలేక ఇంట్లో కూర్చుండిపోయిన ఇల్లు ఒకటి. వాళ్లెవరూ ప్రొఫెషనల్ అవుదామనుకున్నవాళ్లు కాదు, నీ పరిస్థితి వేరు. కానీ నష్టం మొదలైన తర్వాత మనసు పనిచేసే తీరు మాత్రం అందరిదీ ఒకటే. పోయింది తిరిగి తెచ్చుకోవాలన్న ఆ తొందరను ప్రొఫెషనల్స్ టిల్ట్ అంటారు, అది మొదలైతే లేచి వెళ్లిపోవడమే వాళ్లు నేర్చుకునే మొదటి విద్య.

పేకముక్కలు పక్కనపెట్టి బుర్రతో ఆడి ప్రపంచస్థాయికి వెళ్లాలన్నదే నీ కోరికైతే, మన హనమకొండ కుర్రాడే ఉన్నాడు కదా. ఎరిగైసి అర్జున్ పద్నాలుగేళ్లకే 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో ఇండియా జట్టుకు స్వర్ణం, మూడో బోర్డు మీద అతనికి వ్యక్తిగత స్వర్ణం. ఆ డిసెంబరులో ఆనంద్ తర్వాత 2800 రేటింగ్ దాటిన రెండో భారతీయుడు. ఈ వయసులో నువ్వు చెస్‌కు మారమని చెప్పడం కాదు నా ఉద్దేశం. ఆ దారి ఎలా కట్టారో చూడమంటున్నాను. చిన్న ఊళ్లో టోర్నమెంటుకు చిన్న ఎంట్రీ ఫీజు. ప్రతి ఆటా రికార్డు. రేటింగ్ అందరికీ కనిపిస్తుంది, తండ్రికి కూడా. ఓడితే పాయింట్లు పోతాయి, పొలం పోదు. ఏ మెట్టు దగ్గర ఆగిపోయావో నీకే స్పష్టంగా తెలుస్తుంది. పోకర్‌లో ఆ స్పష్టత రావడానికే లక్ష హ్యాండ్స్ కావాలి.

కాబట్టి నా సలహా. ఉద్యోగం మానొద్దు. గోవా వెళ్లాలనిపిస్తే సెలవు పెట్టి వెళ్లు, ఏడాదికి ఇంత అని ఒక మొత్తం, పోయినా ఇంట్లో ఎవరికీ అన్నం తగ్గనంత మొత్తం, విడిగా తీసిపెట్టుకుని దానితోనే ఆడు. ప్రతి సెషన్ గంటలు, బ్లైండ్స్, లాభనష్టాలు ఎక్సెల్‌లో రాయి. ఎవరి దగ్గరా స్టేక్ తీసుకోకు, ఎవరికీ ఇవ్వకు. సాల్వర్లు, ఉచిత శిక్షణ ప్రోగ్రాములు డబ్బు పందెం పెట్టకుండా వాడుకోవచ్చు, అవి చట్టానికి అడ్డం రావు. రెండేళ్ల తర్వాత ఆ ఎక్సెల్ షీట్ నీకు ఏదైనా చెప్తే అప్పుడు మళ్లీ ఆలోచించొచ్చు, వయసు ఎక్కడికీ పోదు. ఐటీలోనే రిస్క్, ప్రైసింగ్, డేటా వైపు ఉద్యోగాలున్నాయి, పాట్‌కు ధర కట్టే బుర్రకు అక్కడ జీతం ఇస్తారు. అటు మారే ప్రయత్నం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు.

ఇంట్లో ఈ విషయం చెప్పావా లేదా నువ్వు రాయలేదు. చెప్పకపోతే ఈ ఆదివారమే చెప్పు, 60 వేలు గెలిచిన సంగతితో సహా.

ఆ ఎనిమిది నెలల్లో నువ్వు ఓడిన పెద్ద పాట్స్ అయిదారు గుర్తుంటే ఇక్కడ రాయి. చేతిలో ఏ ముక్కలు, టేబుల్ మీద ఏవి, ఎవరు ఎంత పెట్టారు. గెలిచినవి వద్దు. ఒక్కొక్కటి కూర్చుని చూద్దాం.